హోదా దించడం: మన్యం నుంచి చూస్తే

సర్కారు ఆఫీసుల్లో 'రివర్షన్' అనేది అందరికీ తెలిసిన మాట. "ఫలానా ఆయన్ని రివర్ట్ చేశార్ట" అని వరండాలో ఒకరంటే చాలు, మిగతాది ఎవరూ అడగరు. సీనియర్ అసిస్టెంటు మళ్లీ జూనియర్ అసిస్టెంటయ్యాడు, హెడ్మాస్టరు మళ్లీ టీచరయ్యాడు అని అర్థమైపోతుంది. జీతంలో ఎంత కోత పడిందో లెక్క కట్టొచ్చు. నిన్నటిదాకా తన ముందు ఫైలు పట్టుకు నిలబడ్డవాడి పక్కనే, అదే గదిలో, ఇంకో కుర్చీలో కూర్చోవడాన్ని మాత్రం ఏ లెక్కలోనూ వెయ్యలేం. దళిత, ఆదివాసీ కుటుంబాల నుంచి మొట్టమొదటిసారి ఆఫీసు మెట్లెక్కినవాళ్ల విషయంలో ఆ కుర్చీ ఒక్క మనిషిది కాదు. పేటకి పేట, గూడేనికి గూడెం దాన్ని చూసుకుని మురిసి ఉంటాయి. దించినప్పుడు అవీ దిగుతాయి.

హోదా దించడం గురించి చట్టం ఏం చెబుతుందో, ఆ చట్టానికి కనపడకుండా ఎన్ని రకాలుగా దించొచ్చో ఈ వ్యాసంలో చర్చిస్తాం. ఉదాహరణలకి ఎక్కువగా విశాఖ మన్యాన్నే తీసుకుంటున్నాం. దీనికి కారణముంది. కాగితం లేకుండా మనుషుల్ని దించే విద్యని ఈ కొండల్లో నూరేళ్లకి పైగా సాధన చేశారు.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగం 311వ అధికరణం రెండో క్లాజులో ప్రభుత్వోద్యోగికి సంబంధించి మూడు పెద్ద శిక్షల ప్రస్తావన ఉంది: డిస్మిస్ చెయ్యడం, ఉద్యోగం నుంచి తొలగించడం, హోదా తగ్గించడం. వీటిలో ఏది చెయ్యాలన్నా ఆరోపణలేమిటో ముందు చెప్పాలి, విచారణ జరపాలి, తన మాట చెప్పుకోడానికి ఉద్యోగికి తగిన అవకాశమివ్వాలి. హోదా తగ్గింపుని ఉద్యోగం ఊడబీకడం సరసన పెట్టడం చిన్న విషయం కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోనే ఈ మాట ఉంది, రాజ్యాంగం దాన్ని నిలబెట్టింది. దించడమంటే సగం చంపడమేనని తెల్లదొరల కాలంలోనే గుర్తించారన్నమాట. అయితే అది ఎవరి విషయంలో గుర్తించారన్నది తర్వాత చూద్దాం.

ప్రతి రివర్షనూ శిక్ష కిందికి రాదు. దీని మీద మూల తీర్పు పురుషోత్తమ్ లాల్ ధింగ్రా కేసు. ఆయన రైల్వేలో మూడో తరగతి ఉద్యోగి. రెండో తరగతిలో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌గా తాత్కాలికంగా పనిచేస్తుండగా మళ్లీ పాత చోటికి పంపేశారు. ఆ పై పోస్టు మీద ఆయనకి హక్కు లేదు కాబట్టి అది శిక్ష కాదని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు కోర్టు పెట్టిన పరీక్ష రెండు ప్రశ్నలు. దించిన మనిషికి ఆ పోస్టు మీద హక్కుందా? లేకపోయినా, దించడంతో పాటు జీతం కోత, సీనియారిటీ నష్టం, ముందుముందు ప్రమోషన్‌కి అడ్డు వంటి చెడు ఫలితాలేమైనా తగిలించారా? రెండింటిలో ఏ ఒక్కదానికి 'అవును' వచ్చినా విచారణ లేకుండా దించకూడదు.

వినడానికి బాగానే ఉంది. మన ఆఫీసుల్లో దీన్నెలా తిరగేస్తారో కాస్త గమనించాలి. ప్రమోషన్ ఇవ్వకుండా 'ఇన్‌చార్జి' అంటారు, 'ఎఫ్.ఏ.సి.' అంటారు. పని పై పోస్టుది, హక్కు కింది పోస్టుది. అట్లా ఏళ్ల తరబడి నడిపి, ఓ రోజు "మీరు మీ పాత సీటుకి వెళ్లండి" అంటే అడగడానికి ఏమీ ఉండదు. ఏజెన్సీలో ఇన్‌చార్జి హెడ్మాస్టర్లు, ఇన్‌చార్జి వార్డెన్లు కొత్తేమీ కాదు. పని వత్తిడిలో సంతకం పెట్టిన చోటల్లా బాధ్యత వాళ్లది. ఏదైనా తేడా వస్తే మెమో వాళ్లకే. హోదా మాత్రం ఎప్పుడూ వాళ్లది కాదు.

ఇంకో తీర్పు మన హైదరాబాదు నుంచే వెళ్లింది. ఇ.సి.ఐ.ఎల్. వర్సెస్ కరుణాకర్ కేసు, 1993. విచారణాధికారి రాసిన నివేదిక కాపీని శిక్ష వెయ్యకముందే ఉద్యోగికి ఇవ్వాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంతకుముందు 1976లో 42వ సవరణతో, ఏ శిక్ష వేస్తున్నారో చెప్పి రెండోసారి సంజాయిషీ అడిగే పద్ధతి పోయింది. ఆ లోటు కొంత ఈ తీర్పుతో పూడింది. మెమో రాగానే బెదిరిపోయి "తప్పయింది, క్షమించండి" అని రాసిచ్చే మొదటి తరం ఉద్యోగులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ ఒక్క వాక్యమే నేరాంగీకారమైపోతుంది. పైవాడి ముందు చేతులు కట్టుకోవడం మనకి నేర్పిన సంస్కారం, ఆఫీసు దాన్ని సాక్ష్యంగా వాడుకుంటుంది.

ఇక మన్యంలోకి వెళ్దాం.

'ముఠా' అంటే ఇవాళ పేపర్లో దొంగల గుంపు. గూడెం, రంప కొండల్లో ముఠా అంటే కొన్ని ఊళ్ల సముదాయం, దాని మీద పెద్ద ముఠాదారు. (మాటకి కూడా రివర్షన్ ఉంటుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?) ఈ ముఠాదారు పూర్వం కొండనాయకుడు. తన మనుషులు, తన కొండ, పైనున్న రాజుకి కొద్దిపాటి కప్పం, అవసరమైనప్పుడు పోరాటానికి కొంత బలగం. ఇంగ్లీషువాళ్లొచ్చాక అతని చేతిలో సనదు పెట్టారు. సనదు అంటే హోదా ఇచ్చే కాగితమనుకుంటాం గానీ, అది హోదా లాక్కునే కాగితం కూడా. శిస్తు వసూలు చేసి కట్టాలి, పోలీసులకి సమాచారమివ్వాలి, అధికారులు క్యాంపుకొస్తే చూసుకోవాలి, విధేయుడుగా ఉండాలి. ఉండకపోతే తీసేస్తారు. నాయకుడు కాస్తా నౌకరయ్యాడు. డేవిడ్ ఆర్నాల్డ్ వంటి చరిత్రకారులు గూడెం-రంప ఫితూరీల వెనక ఈ ముఠాదార్ల పతనాన్ని ఒక ముఖ్య కారణంగా చూపించారు. 1879 రంప తిరుగుబాటు తర్వాత మన్సబుదారుని తొలగించి, ముఠాదార్లతో సర్కారు నేరుగా ఒప్పందాలు చేసుకుంది. మధ్యనున్న దోపిడీదారుడు పోయాడు, మంచిదే. అయితే పైనున్న చెయ్యి ఇంకా దగ్గరకొచ్చింది.

పైగా ఈ ప్రాంతానికి మామూలు చట్టాలు లేవు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖ కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకే 'ఏజెంటు' పేరుతో అధికారాలన్నీ కట్టబెట్టింది. ఏజెన్సీ అన్న పేరే అక్కణ్ణించి వచ్చింది. పెట్టేవాడూ తీసేసేవాడూ తీర్పు చెప్పేవాడూ ఒకే యంత్రాంగం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకునేవాడు రైతు హోదా నుంచి నేరస్తుడి హోదాకి దిగాడు. దానికీ ఎవరూ మెమో ఇవ్వలేదు.

ఈ నేపథ్యంలో బట్టిపనుకుల గాం గంటం దొర సంగతి చూడాలి. ఆయన ఆ ఊరి మునసబు. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ హయాంలో ఆ పదవి పోయింది. భూమి విషయంలోనూ బాస్టియన్‌తో తగాదా ఉంది. ఈ బాస్టియనే లంబసింగి మీదుగా నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనిలో కొండజనం చేత చాలీచాలని కూలికి బలవంతంగా చాకిరీ చేయించిన పెద్దమనిషి. కింది అధికారి, ఎక్కడో మూల కొండల్లో, పై విచారణ భయం లేకుండా ఉంటే ఏమవుతుందో ఆ రోడ్డు చెబుతుంది. గంటం దొరకి అందిన చార్జిషీటు ఏది? సంజాయిషీ ఎవరు తీసుకున్నారు? 311 వంటిది ఆయన కాలానికి లేదు. ఉన్నా గ్రామోద్యోగిగా ఆయన దాని నీడలోకి వచ్చేవాడా అన్నది సందేహమే.

గంటం దొర, తమ్ముడు మల్లు దొర 1922లో అల్లూరి సీతారామరాజుతో కలిశారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. రెండేళ్లు మద్రాసు ప్రభుత్వాన్ని నిద్రపోనివ్వని ఈ పోరాటంలో అడవి దారులు, ఊళ్ల మద్దతు, తిండిగింజలు, గూఢచారం ఎవరివి? పదవులు పోగొట్టుకున్న, పోగొట్టుకోబోతున్న కొండ పెద్దలవీ, వెట్టి చేసి చేసి విసిగిన జనానివీ. ఒక మునసబు పదవి పోయినందుకే ఇంత జరిగిందని మేం అనడం లేదు. దించడానికి కాగితం అక్కర్లేదనుకున్న పాలనకి, ఎదురు తిరగడానికీ కాగితం అక్కర్లేదని చెప్పిన సందర్భమది.

సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర చనిపోయాడు. గంటం దొర కూడా ఆ ఏడే పోలీసుల చేతిలో ప్రాణాలొదిలాడు. మల్లు దొర అంతకుముందే 1923లో పట్టుబడ్డాడు. ఆయన్ని అండమాన్‌కి పంపారు. ఆ మల్లు దొరే 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా మొదటి లోక్‌సభకి వెళ్లాడు. ఖైదీ నంబరు నుంచి పార్లమెంటు సభ్యుడి దాకా. మన పాఠ్యపుస్తకాల్లో ఈ వాక్యం మీకెక్కడైనా కనబడిందా?

ఇక్కడే ఇంకో రివర్షన్ గురించి చెప్పాలి. చరిత్ర రాసినవాళ్లు, సినిమాలు తీసినవాళ్లు గాం సోదరుల్ని 'అనుచరులు' చేసేశారు. సొంత కారణంతో, సొంత బలంతో, సొంత ఊరి నుంచి పోరాటంలోకి వచ్చినవాళ్లు ఇంకొకరి వెనక నడిచే మనుషులయ్యారు. మైదానం నుంచి వచ్చిన క్షత్రియ యువకుడి త్యాగాన్ని మేం తక్కువ చెయ్యం. ఆ కొండల కోసం ఆయన ప్రాణమిచ్చాడు. అయినా 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా, అరకులోయని కలుపుకుని కొత్త జిల్లా వచ్చినప్పుడు ఆయన పేరు పెట్టడం ఎంత సహజంగా తోచిందో, గంటం దొర పేరు ఎవరికీ తట్టకపోవడం అంతే సహజంగా తోచింది. ఈ రెండో సహజత్వమే మాకు అనుమానం.

అట్లాగని ముఠాదార్లందర్నీ నెత్తికెత్తుకోలేం. దళిత దృక్పథం నుంచి రాస్తూ ఈ మాట దాటేస్తే పొరపాటవుతుంది. గూడెం వైపు ముఠాదార్లు ఎక్కువగా భగతలు. కొండల్లోనూ నిచ్చెన ఉంది. పైమెట్టు మీద భగతలు, ఆ కింద కొండదొరలు, కింద ఇంకా కింద పొర్జలు, గదబలు, అందరికంటే దిగువన అంటరానివాళ్లుగా చూసే పైడివాళ్లు. వాళ్లే ఇవాళ తమను వాల్మీకులని చెప్పుకుంటారు. (పేరు మార్చుకోవడం కూడా హోదా పెంచుకునే ప్రయత్నమే, దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకి లేదు.) 'పొర్జ' అన్నది 'ప్రజ' నుంచి వచ్చిందంటారు, అంటే ఏలబడేవాడని. గదబల్ని సవారీ మోసే పనిలో పెట్టారు. క్యాంపు దొర సామాను మోసింది, ముఠాదారు పొలంలో వెట్టి చేసింది వీళ్లే. ముఠాదారుకి పోవడానికి ఒక హోదా ఉంది, దాని చుట్టూ కథ ఉంది. వెట్టివాడిని దించడానికి కింద ఇంక మెట్టేదీ? 1969లో ముఠాలు, మహళ్ల రద్దు రెగ్యులేషన్లు రెండూ వచ్చి ముఠాదారీ పోయినప్పుడు, దాన్ని హోదా నష్టంగా ఏడ్చినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లకి ఒక వెట్టి తగ్గింది. ఎవరి హోదా పోతోందన్న ప్రశ్న వెయ్యకుండా హోదా గురించి మాట్లాడితే మనం పైమెట్టువాడి దుఃఖాన్నే అందరి దుఃఖంగా రాస్తాం.

ఇప్పటి ఉద్యోగాల దగ్గరికొస్తే, మొదట కనిపించేది చట్టానికి అందని ఒక శిక్ష. మైదానంలో ఎవరైనా తప్పు చేస్తే, లేదా పైవాళ్లకి నచ్చకపోతే, "ఏజెన్సీకి తోలేశారు" అంటారు. బదిలీని హోదా తగ్గింపు కింద చట్టం లెక్కించదు. జీతం అదే, కేడరూ అదే. కానీ తోలించుకున్నవాడు దాన్ని శిక్షగానే భావిస్తాడు, వారంలో సగం రోజులు కొండ దిగే బస్సు కోసమే చూస్తాడు. ఇందులో ఆలోచించాల్సింది అతని బాధ ఒక్కటే కాదు. ఒక ప్రాంతాన్నే శిక్షగా వాడుతున్నారంటే, అక్కడ పుట్టి పెరిగిన జనానికి రాజ్యం ఏ హోదా ఇచ్చినట్టు? జ్వరాల భయంతో ఒకప్పుడు తెల్ల అధికారులు మన్యానికి రావడానికి జంకేవారు, పాలన బాస్టియన్ల చేతిలో ఉండేది. ఇవాళ ఆ జంకు పేరు మారిందంతే.

రెండోది ఇంకా సన్నని పద్ధతి. కుర్చీ అదే, బోర్డు మీద పేరూ అదే, సీనియారిటీ లిస్టులో మాత్రం నంబరు కిందికి దిగుతుంది. రోస్టరు వల్ల ఒక ఎస్.టి. ఉద్యోగి ముందుగా ప్రమోట్ అవుతాడు. కింది కేడర్లో అతనికంటే సీనియరైన జనరల్ అభ్యర్థి కొన్నేళ్ల తర్వాత అదే కేడరుకి వస్తాడు. రాగానే పాత సీనియారిటీ అతనికి తిరిగొచ్చేస్తుంది, ఎస్.టి. ఉద్యోగి వెనక్కి జరుగుతాడు. దీన్నే 'క్యాచప్' సూత్రం అన్నారు. 1995లో వీర్‌పాల్ సింగ్ కేసులో, 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. ఎన్నేళ్లు పై పోస్టులో పనిచేసినా ఆ ఏళ్లకి విలువ లేదన్నట్టే. తర్వాతి ప్రమోషన్ లిస్టులో ముందున్నవాడికి పోతుంది. ఎవరికీ ఆర్డరు రాలేదు, ఎవర్నీ దించలేదు, లిస్టు మాత్రం మారింది.

1995లో 77వ సవరణ ప్రమోషన్లలో రిజర్వేషన్‌కి 16(4ఎ) కింద చోటిచ్చింది. 2001లో 85వ సవరణ, ఆ ప్రమోషన్‌తో పాటు వచ్చే సీనియారిటీని కూడా 1995 జూన్ నుంచి వర్తించేలా ఇచ్చింది. క్యాచప్‌కి విరుగుడుగా తెచ్చిందే ఇది. అయితే 2006లో నాగరాజ్ తీర్పు సవరణల్ని నిలబెడుతూనే షరతులు పెట్టింది: వెనకబాటుతనానికి, ప్రాతినిధ్యం చాలకపోవడానికి లెక్కలు చూపాలి, పరిపాలనా సామర్థ్యం దెబ్బతినకూడదు. వెనకబాటుతనం లెక్క అక్కర్లేదని 2018లో జర్నైల్ సింగ్ కేసులో ధర్మాసనం సరిదిద్దింది. పన్నెండేళ్లు పట్టింది. ఈలోపు 2012లో ఉత్తరప్రదేశ్ చట్టంలోని నిబంధన కొట్టేశారు, 2015లో అక్కడ వేలమంది దళిత ఉద్యోగుల్ని రివర్ట్ చేసే పని మొదలైంది. కర్ణాటకలో 2017 పవిత్ర తీర్పుతో అదే గండం వచ్చింది. ఆ రాష్ట్రం లెక్కలు తీసి 2018లో కొత్త చట్టం చేసుకుంది, 2019లో కోర్టు దాన్ని ఒప్పుకుంది. ఉద్యోగి చేసిన తప్పేమీ లేదు, సర్కారు లెక్కలు రాయలేదు. దిగింది మాత్రం ఉద్యోగి.

'సామర్థ్యం' అన్న మాట గురించి ఒక ముక్క. ఏడాదికోసారి పై అధికారి రాసే రహస్య నివేదికల్లో సామర్థ్యం తేలుతుంది. అందులో 'ఫరవాలేదు' అని రాసినా చాలు, ప్రమోషన్ ఆగుతుంది. చాలాకాలం ఆ రాత ఉద్యోగికి చూపించేవారు కాదు. చెడ్డదే కాదు, ప్రతి రాతనీ తెలియజెయ్యాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ కాపీ అడిగి తీసుకునే అలవాటు మనవాళ్లకి ఇంకా రాలేదు.

అరకు, పాడేరు వైపు మాత్రం ఎక్కువమంది నోట వినిపించేది మూడో నంబరు జీవో. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని 1986లో ఒక ఉత్తర్వు, అది నిలవకపోతే 2000 జనవరి 10న జీవో 3 వచ్చాయి. టీచరు బడికి రాకపోవడం, పిల్లల భాష టీచరుకి రాకపోవడం అనే రెండు రోగాలకీ అది మందు. కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లవాడి ముందు ఆ మాట తెలిసిన మనిషి నిలబడ్డాడు. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు నిలిచాయి, అదీ రెండు తెలుగు రాష్ట్రాలూ మళ్లీ అలాంటి పని చెయ్యకూడదన్న షరతు మీద. రాష్ట్రాలకి అయిదు లక్షల ఖర్చులు కూడా విధించారు.

చూడండి, ఇక్కడ ఏ ఒక్క టీచరూ రివర్ట్ కాలేదు. 311 కింద ఫిర్యాదు చెయ్యడానికి మనిషే లేడు. కానీ "నువ్వూ పెద్దయితే మాస్టారివి అవుతావు" అని ఆశ్రమ పాఠశాలలో చెప్పించుకున్న పిల్ల, బి.ఇడి. పూర్తి చేసి లిస్టు కోసం చూస్తున్న కుర్రాడు, వీళ్ల చోటు దిగిపోయింది. ఇంకా చేతికి రాని హోదాని దించడానికి చట్టంలో పేరు లేదు.

అదే ఆశ్రమ పాఠశాలల్లో సి.ఆర్.టి.లని కాంట్రాక్టు టీచర్లుంటారు. పాఠం అదే, పిల్లలు వాళ్లే, రాత్రి హాస్టల్లో జ్వరమొచ్చిన పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లేదీ వీళ్లే. రెగ్యులర్ టీచరుకి మెమో ఇవ్వాలంటే ఫైలు నడవాలి. సి.ఆర్.టి. విషయంలో ఆ అవసరం లేదు, రెన్యువల్ ఆగితే చాలు. మేం మాట్లాడిన వాళ్లలో ఒకామె, పదేళ్లకి పైగా పనిచేస్తున్న మనిషి, మాటల మధ్యలో అన్నది: "మమ్మల్ని దించడానికి ఏటుందండి, ఎక్కిస్తే కదా."